అడవి గుండా వెళ్లే రోడ్డు నాలుగు లేన్లు అవుతోంది: జంతువులు దాటే దారులు ఎక్కడ, ఎన్ని, ఏ సైజులో?

దారిరేఖ (ప్రశ్న):

రెండు అడవి ముక్కల మధ్య నుంచి వెళ్లే 14 కి.మీ. రోడ్డును రెండు లేన్ల నుంచి నాలుగు లేన్లకు పెంచుతున్నారు. డిజైన్ ఇంకా ప్రాథమిక దశలోనే ఉంది, మార్పులకు వీలుంది. ప్రస్తుతం రోజుకు సుమారు 6,000 వాహనాలు తిరుగుతున్నాయి. విస్తరణ తర్వాత 12,000 దాటుతాయని అంచనా. రోడ్డు కింద 31 తూములు, 3 చిన్న వంతెనలు ఉన్నాయి. రెండు వైపులా తిరిగేవాటిలో చిన్నా పెద్దా జింకలు, అడవి పందులు, చిరుతలు, ఎలుగుబంట్లు, నక్కలు, తాబేళ్లు ఉన్నాయి. రెండు చోట్ల చిత్తడి నేల ఉంది, తొలకరి వానలకు అక్కడ కప్పలు గుంపులుగా దాటుతాయి.

డ్రాఫ్టులో ఉన్నది ఇది: ఆరు తూములను 3 × 3 మీటర్ల బాక్సులుగా మార్చి వాటినే జంతువుల అండర్‌పాస్‌లుగా చూపడం, జంతువులు ఎక్కువగా చనిపోయిన చోట్ల హెచ్చరిక బోర్డులు, రిఫ్లెక్టర్లు పెట్టడం. ఆ ఆరు తూములను ఎంచుకున్నది వరద నీటి లెక్కను బట్టే, జంతువుల రాకపోకలను బట్టి కాదు.

రోడ్డు మీద చనిపోయిన జంతువుల రికార్డు రెండేళ్లది ఉంది. అందులో 5 నుంచి 8 కి.మీ. మధ్య, అడవి బాగా చిక్కగా ఉన్న చోట, దాదాపు ఏమీ నమోదు కాలేదు. "అక్కడ సమస్యే లేదు, ఖర్చు అక్కర్లేదు" అంటున్నారు. ఈ వాదన నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

చోటు ఎలా తేల్చాలి? 14 కి.మీ.కి ఎన్ని కావాలి? 3 × 3 బాక్సు ఏ జంతువులకు సరిపోతుంది? కంచె తప్పనిసరా?


అంచుపొద:

మీ అనుమానం సరైనదే. కళేబరాలు కనబడలేదంటే జంతువులు అటు రావడం లేదని కావొచ్చు, వచ్చి రోడ్డు చూసి వెనక్కి తిరుగుతున్నాయనీ కావొచ్చు. యూరప్ దేశాల మార్గదర్శకాల ప్రకారం రోజుకు 1,000 వాహనాల లోపు రోడ్డును చాలా జాతులు దాటగలవు. 4,000 నుంచి 10,000 మధ్య అది గట్టి అడ్డు. 10,000 దాటితే ఎక్కువ జాతులకు దాటడం అసాధ్యమే. మీ రోడ్డు ఇప్పుడు రెండో స్థితిలో ఉంది, విస్తరణతో మూడో స్థితికి పోతుంది. ట్రాఫిక్ పెరిగేకొద్దీ చావుల సంఖ్య ఒక దశ దాటాక తగ్గుతుంది. దాన్ని మెరుగుదల అనుకుంటే పెద్ద పొరపాటు, ఆ తగ్గుదలకు కారణం రాకపోకలు తెగిపోవడమే.

తేల్చుకోవడానికి ఖర్చు పెద్దగా లేని పద్ధతి ఉంది. 5–8 కి.మీ. మధ్య రోడ్డుకు రెండు వైపులా, 100 నుంచి 150 మీటర్లు లోపల, జంతువుల బాటల మీద కెమెరా ట్రాప్‌లు (జంతువు కదలగానే తనంతట తానే ఫోటో తీసే కెమెరాలు) పెట్టండి. రోడ్డు అంచున జల్లించిన ఇసుక పట్టీలు వేసి పొద్దున్నే అడుగుజాడలు చూడండి. జాడలు రోడ్డు దాకా వచ్చి, కొంత దూరం రోడ్డు వెంబడే నడిచి, మళ్లీ లోపలికి పోతుంటే అక్కడ దారి కావాలని జంతువులే చెబుతున్నట్టు.

ఉన్న రికార్డు ఎలా తీశారో కూడా అడగండి. జీపులో గంటకు 40 కి.మీ. వేగంతో పోతూ చూస్తే కప్పలు, తాబేళ్లు, పాములు లెక్కలోకి రావు. చిన్న కళేబరాలను కాకులు, కుక్కలు కొన్ని గంటల్లోనే ఎత్తుకుపోతాయి. తెల్లవారుతూనే నడిచి చేసిన సర్వే, అదీ వానాకాలంలోనూ ఎండాకాలంలోనూ చేసినది, లేకపోతే చిన్న జంతువుల విషయంలో ఆ రికార్డు మీద ఆధారపడలేం.

ఇక మ్యాపు పని. నేల వాడకం, వాలు, నీటి వనరులు, జనావాసాల దూరం కలిపి ఒక్కో జంతువుకు ఒక్కో నిరోధ పటం తయారుచేస్తారు. ఎక్కడ నడక సులువో, ఎక్కడ కష్టమో గడి గడికీ విలువ ఇవ్వడమన్నమాట. ఇందులో తరచుగా జరిగే తప్పులు చెబుతాను.

జంతువు నివసించే చోటును నడిచే చోటుగా లెక్కించడం మొదటిది. కొత్త తావు వెతుక్కుంటూ పోయే పిల్ల చిరుత, తాను ఎన్నడూ కాపురముండని పొలాల గుండా కూడా పోతుంది. కాలర్ డేటా (జంతువు మెడకు కట్టిన పట్టీ నమోదు చేసిన తిరుగుడు) ఉంటే దాన్ని, లేకపోతే కెమెరా డేటాను ఆధారం చేసుకోవాలి. నిపుణుల అంచనా ఒక్కటే ఉంటే విలువలను మార్చి మార్చి కనీసం మూడు నాలుగు సార్లు నడిపి, ప్రతిసారీ నిలిచే చోట్లనే నమ్మాలి.

రెండోది, కనిష్ఠ ఖర్చు దారి, అంటే పటం మీద అన్నిటికన్నా సులువైన దారి, ఒక్కటే గీసి ఆగిపోవడం. నేల ఎంత పాడైనా ఆ పద్ధతి ఒక గీత ఇచ్చి తీరుతుంది, పక్కనే దాదాపు అంత మంచి దారి ఇంకోటి ఉన్నా చూపదు. సర్క్యూట్‌స్కేప్ లాంటి సాఫ్ట్‌వేర్ విద్యుత్ ప్రవాహంలా అన్ని దారులనూ కలిపి చూపుతుంది, ఇరుకైన చోట్లు ఎర్రగా బయటపడతాయి.

మూడోది చాలామందికి కనబడదు. రోడ్డును ఒక గడి వెడల్పుతో రాస్టర్ చేస్తే (గడుల పటంగా మారిస్తే), ఐమూలగా పోయే చోట గడుల మూలల సందుల్లోంచి కరెంటు, అంటే లెక్కలోని జంతువుల నడక, కారిపోతుంది. రోడ్డు అడ్డే లేనట్టు ఫలితం వస్తుంది. కనీసం రెండు గడుల మందం ఇవ్వండి. దాటే చోటు ఎంచడానికి మాత్రం ఒకసారి రోడ్డును పూర్తిగా తీసేసి నడపండి. రోడ్డు లేకపోతే జంతువు ఎటు పోయేదో అప్పుడు తెలుస్తుంది. తర్వాత రోడ్డుతో నడిపి రెండూ పోల్చండి.

చోటు ఖరారు చేసే ముందు రెండు చివర్లలోని భూమి రికార్డు చూడండి. అటువైపు స్థలం రేపు లేఅవుటో క్వారీయో అయితే కట్టిన నిర్మాణం కాంక్రీటు ముద్దగా మిగులుతుంది. ఆ భూమికి రక్షణ ఏర్పాటు కూడా ప్రాజెక్టు ఖర్చులోనే రాయించాలి. ఇది నేను గట్టిగా పట్టుబట్టే విషయం.


తూముపని:

సంఖ్య, సైజు గురించి.

దాటు దారుల మధ్య దూరానికి పనికొచ్చే లెక్క ఒకటుంది: ఆ జంతువు తిరిగే విస్తీర్ణానికి వర్గమూలం. ఒక జింక 4 చ.కి.మీ.లో తిరుగుతుంటే వర్గమూలం 2, కాబట్టి 2 కి.మీ.కి ఒక దారి ఉంటే దాని రోజువారీ తిరుగుడుకు సరిపోతుంది. దూరం పోయి కొత్త తావు వెతికే రాకపోకలకు ఆ వర్గమూలాన్ని 7తో గుణిస్తారు, అంటే 14 కి.మీ. పైకి చూస్తే మీ మొత్తం రోడ్డుకు ఒక్క దారి చాలన్నట్టు ఉంటుంది. ఆ వాదన ఎవరైనా తెస్తే ఒప్పుకోకండి. వలసకు సరిపడే దూరం పెడితే రోజూ నీటికీ మేతకూ దాటే జంతువు దారి తెగిపోతుంది. జింకలను పెట్టుకుని లెక్కేస్తే మీకు పెద్దవి ఆరు నుంచి ఏడు. వాటి మధ్యలో చిన్న జంతువులకు 150 నుంచి 300 మీటర్లకొక తూము. మీ 31 తూములు ఇక్కడే పనికొస్తాయి.

3 × 3 బాక్సు సంగతి. అండర్‌పాస్ ఎంత తెరుచుకుని కనబడుతుందో చూడటానికి వెడల్పును ఎత్తుతో గుణించి, రోడ్డు కింద ఇటు నుంచి అటు దాకా ఉన్న పొడవుతో భాగిస్తారు. అన్నీ మీటర్లలోనే ఉండాలి. నాలుగు లేన్లు, మధ్య డివైడరు, అంచులు కలిపి 30 మీటర్లు అనుకుంటే 9ని 30తో భాగిస్తే 0.3. చిన్న జింకలకు 0.75, రెడ్ డీర్ లాంటి పెద్ద జింకలకు 1.5 కావాలన్నది యూరప్‌లో వాడుకలో ఉన్న లెక్క. కాబట్టి మీ బాక్సులో నక్క, అడవి పంది, ముళ్లపంది పోతాయి. జింక వాకిట్లోకి వచ్చి ఆగి చూసి వెళ్లిపోతుంది.

పెద్ద జంతువుల అండర్‌పాస్‌కు కనీసం 7 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు. మీకు వీలుంటే 12 మీటర్ల వెడల్పు, 4.5 మీటర్ల ఎత్తు అడగండి. అప్పుడు నిష్పత్తి 1.8 వస్తుంది. నిష్పత్తి ఒక్కటే చూపించి ఎత్తు తగ్గించే ఎత్తుగడ కూడా ఉంటుంది, 20 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు పెట్టినా కాగితం మీద 1.3 వస్తుంది. కొమ్ముల జింక అందులో దూరదు. ఎత్తు, వెడల్పు, నిష్పత్తి మూడూ విడివిడిగా దాటాలని స్పెసిఫికేషన్‌లో రాయించండి.

ఎత్తు కోసం కింద గొయ్యి తవ్వనివ్వకండి. నేలమట్టం కంటే లోతుకు దింపిన అండర్‌పాస్ తొలి వానకే చెరువవుతుంది. డిజైన్ ప్రాథమిక దశలో ఉంది కాబట్టి ఆ కిలోమీటరులో రోడ్డు మట్టాన్నే 2 మీటర్లు పైకి లేపించండి. ఇది ఇప్పుడు ఒక గీత మార్పు. టెండరు తర్వాత అడిగితే ఎవరూ వినరు. వాగులు దాటే మూడు చోట్ల చిన్న వంతెనను అటు ఇటు పొడిగించి గట్లు కూడా దాని కిందికే వచ్చేలా చేస్తే అన్నిటికన్నా మేలు. జంతువులు ఎలాగూ వాగు వెంటే నడుస్తాయి.

లోపలి పని గురించి నాలుగు మాటలు. నేల కాంక్రీటు కాకుండా సహజ మట్టి ఉండాలి. ఇటు నుంచి చూస్తే అటు చివర పచ్చదనం కనబడాలి, మధ్యలో వంపు ఉండకూడదు. ఒక గోడ వెంట మోడులు, రాళ్లు వరుసగా పేరిస్తే ఎలుకలు, ఉడుములు, పాములు వాటి చాటున దాటతాయి. నీరు పారే తూముల్లో రెండు వైపులా వరద మట్టానికి పైన కనీసం అర మీటరు వెడల్పు పొడి గట్టు కట్టాలి. అది చివర్లలో గాల్లో ఆగిపోకుండా ఒడ్డు మట్టిని కలవాలి.

వంతెనల దగ్గర నేల కోత పడకుండా పోసే పెద్ద రాళ్ల మీద గిట్టల జంతువులు నడవలేవు, కాలు సందులో ఇరుక్కుంటుంది. కాబట్టి రాళ్ల సందుల్లో గులకరాయి, మట్టి దట్టించి 2 మీటర్ల వెడల్పు బాట చేయాలి. ఈ ఒక్క అంశం మర్చిపోయి మంచి వంతెనలు వృథా అవుతుంటాయి.


జాలీగుంజ:

కంచె లేకపోతే పైన చెప్పినవన్నీ సగమే పనిచేస్తాయి. దారి 300 మీటర్ల దూరంలో ఉందని జంతువుకు తెలియదు, ఎదురుగా ఉన్న రోడ్డే ఎక్కుతుంది. కంచె దాన్ని దారి దగ్గరికి నడిపిస్తుంది. ఇంకోవైపు, దారులు లేకుండా కంచె ఒక్కటే వేస్తే రోడ్డు మీద చావులు తగ్గుతాయి కానీ రెండు అడవులు పూర్తిగా విడిపోతాయి. రెండూ కలిసే ఉండాలి.

పొడవు మీద రాజీ పడకండి. అనేక చోట్ల ఫలితాలను కలిపి చూసిన పరిశోధనలో 5 కి.మీ. కంటే పొట్టి కంచెలు ఢీకొట్టే ఘటనలను సగటున 53% మాత్రమే తగ్గించాయి, అదీ చోటు చోటుకూ విపరీతమైన తేడాతో. 5 కి.మీ.కి మించినవి ఎక్కువగా 80% పైనే తగ్గించాయి. కారణం కంచె చివరలు. జంతువు కంచె వెంబడి నడిచి చివర దగ్గర రోడ్డెక్కుతుంది, అక్కడే కొత్త ప్రమాద స్థలం పుడుతుంది. అందుకే చివరను సగం అడవిలో వదిలేయకుండా ఒక దాటు దారి దగ్గరో, నిటారు కొండ చరియ దగ్గరో, ఊరు మొదలయ్యే చోటో ఆపాలి. రెండు వైపుల కంచెలూ ఎదురెదురుగా ఒకే చోట ముగియాలి. ఒకవైపు పొట్టిగా ఉంటే అటు నుంచి ఎక్కిన జంతువు ఇటు కంచెకు తగిలి రోడ్డు మీదే ఇరుక్కుంటుంది.

కొలతలు: ఎత్తు 2.4 మీటర్లు. జాలీ గుంజలకు అడవి వైపు ఉండాలి, అప్పుడు జంతువు నెట్టితే బరువు గుంజ మీద పడుతుంది. రోడ్డు వైపు కడితే మేకులు ఊడి జాలీ వదులవుతుంది. అడవి పందులు, నక్కలు ఉన్నాయి కాబట్టి అడుగున మీటరు వెడల్పు జాలీని అడవి వైపుకు పరిచి, 30 సెం.మీ. లోతున పూడ్చాలి. కప్పలు, తాబేళ్ల చోట కింది భాగంలో 50 నుంచి 60 సెం.మీ. ఎత్తు నున్నటి రేకు, పైఅంచు అడవి వైపుకు వంచి ఉండాలి. లేకపోతే కప్ప పాకి దాటేస్తుంది. ఆ రేకు వెంట సుమారు 50 మీటర్లకొక సొరంగం కావాలి. కప్ప అంతకన్నా దూరం రేకు వెంట నడవక వెనుదిరుగుతుంది. సొరంగం పైకప్పులో జల్లెడ సందులుంటే తేమ, గాలి ఆడతాయి. పొడి కాంక్రీటు మీద కప్ప చర్మం ఎండిపోతుంది.

చిరుత, ఎలుగు ఈ కంచె ఎక్కగలవు. వాటిని పూర్తిగా ఆపలేమని ముందే ఒప్పుకుని, లోపలికి వచ్చినవి బయటపడటానికి కిందికి దూకే గట్లు పెట్టాలి. రోడ్డు వైపు మెల్లగా ఎక్కే మట్టి దిబ్బ, అడవి వైపు 1.5 నుంచి 2 మీటర్ల నిలువు గోడ, దిగే చోట మెత్తటి మట్టి. గోడ తక్కువైతే జింక బయటి నుంచి లోపలికే దూకుతుంది, ఎక్కువైతే లోపలిది దూకడానికి జంకుతుంది.

కంచె పని ఏటా ఉంటుంది. చెట్టు విరిగిపడటం, వాగు దగ్గర అడుగున మట్టి కొట్టుకుపోవడం, పక్క దారుల గేట్లు తెరిచే ఉంచడం, ఈ మూడే ఎక్కువగా దెబ్బతీస్తాయి. గేటుకు బదులు పక్క దారి మీద ఇనుప పట్టీల గ్రిడ్ పెడితే గిట్టల జంతువులు చాలావరకు ఆగుతాయి, గోళ్ల జంతువులు ఆగవు.

హెచ్చరిక బోర్డులు, రిఫ్లెక్టర్ల మీద పెట్టే డబ్బు కంచెకు మళ్లించండి. రిఫ్లెక్టర్లతో ప్రమాదాలు తగ్గుతాయని నమ్మదగ్గ ఆధారం దొరకలేదు. ఏడాది పొడవునా ఉండే బోర్డుకు డ్రైవరు కళ్లు అలవాటు పడిపోతాయి.


దారిరేఖ:

చాలా ఉపయోగపడింది, ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒక సందేహం: 6–7 కి.మీ. మధ్య రోడ్డు గుట్టను కోసుకుని పోతుంది, రెండు వైపులా నేల పైనే ఉంది. అక్కడ అండర్‌పాస్ పెట్టలేం, ఓవర్‌పాసే (రోడ్డు పైనుంచి జంతువులు దాటే మట్టి పరిచిన వంతెన) మార్గం. దాని ఖర్చుతో మిగతా చోట్ల మూడు అండర్‌పాస్‌లు వస్తాయని లెక్క చూపుతున్నారు. మూడు తీసుకోవడమే మంచిదా?


అంచుపొద:

నా మాట: ఓవర్‌పాస్ వదులుకోకండి. అన్ని జాతులూ ఒకే రకం దారిని వాడవు. కెనడాలోని బాన్ఫ్ జాతీయ ఉద్యానంలో ట్రాన్స్ కెనడా హైవే మీద 6 ఓవర్‌పాస్‌లు, 38 అండర్‌పాస్‌లు, వాటితో పాటు కంచె ఉన్నాయి. ఢీకొట్టే ఘటనలు 80% పైగా తగ్గాయి. అక్కడ గ్రిజ్లీ ఎలుగులు, తోడేళ్లు, ఎల్క్‌లు (పెద్ద జాతి జింకలు) ఎత్తయిన, విశాలమైన దారులనే ఎంచుకున్నాయి. నల్ల ఎలుగులు, కూగర్‌లు (అక్కడి పెద్ద అడవి పిల్లులు) ఇరుకైన అండర్‌పాస్‌లను ఇష్టపడ్డాయి. మూడు అండర్‌పాస్‌లు ఒకే రకం జంతువులకు మూడు సార్లు దారి ఇచ్చినట్టవుతుంది.


తూముపని:

నేను పూర్తిగా ఏకీభవించను. ఓవర్‌పాస్ కడితే 50 మీటర్ల వెడల్పు ఉండాలి, 40కి తగ్గితే అంత ఖర్చుకు న్యాయం జరగదు. 15 మీటర్లకు కుదించి "ఓవర్‌పాస్ ఇచ్చాం" అనే ప్రమాదం ఉంది. అంతకన్నా మూడు మంచి అండర్‌పాస్‌లే మేలు. 50 మీటర్లు రాతపూర్వకంగా వస్తేనే దానికి ఓటు.

వస్తే చూడాల్సినవి: గడ్డికి 30 సెం.మీ., పొదలకు 60 సెం.మీ., చెట్లకు 1.5 మీటర్ల మట్టి కావాలి. తడిసిన మట్టి ఘనపు మీటరుకు సుమారు 2 టన్నులు, కాబట్టి 60 సెం.మీ. మట్టికే చదరపు మీటరుకు 1.2 టన్నుల బరువు. ఈ భారం స్లాబ్ డిజైన్‌లో మొదటే వేయకపోతే తర్వాత మట్టి పలచబడుతుంది, పొదలు ఎండుతాయి. చెట్లను మధ్యలో కాకుండా పియర్ల (వంతెనను మోసే స్తంభాల) మీద వచ్చే చోట గుంపులుగా పెట్టండి. రెండు అంచుల్లో 2 మీటర్లకు పైగా మట్టి గట్టో చెక్క తెరో ఉంటే హెడ్‌లైట్లు, చప్పుడు పైకి రావు. చివర్లు గరాటులా విచ్చుకుని నేలలో కలిసిపోవాలి.

డబ్బు దగ్గర బేరం తప్పకపోతే ఇంకో ఉదాహరణ పట్టుకెళ్లండి. కాన్హా, పెంచ్ పులుల అభయారణ్యాలను కలిపే అడవి కారిడార్‌లో 44వ జాతీయ రహదారి మీద తొమ్మిది నిర్మాణాలు కట్టారు, రోడ్డు వెంబడి వాటి నిడివి 50 నుంచి 750 మీటర్లు. భారత వన్యప్రాణి సంస్థ కెమెరాల్లో పులితో సహా 18 జాతుల అడవి జంతువులు వాటి కింద నుంచి దాటడం నమోదైంది. ఈ నిడివితో పోలిస్తే 3 మీటర్ల బాక్సు ఎంత తక్కువో మీటింగులో అర్థమవుతుంది.


జాడచూపు:

పనిచేస్తోందో లేదో తేల్చే సంగతి ఎవరూ రాయలేదు, అది కూడా ఇప్పుడే మొదలుపెట్టాల్సిందే. నిర్మాణం అయ్యాక "ఇన్ని జింకలు దాటాయి" అని ఇచ్చే లెక్కకు విలువ లేదు. అంతకుముందు ఎన్ని దాటేవో, చుట్టుపక్కల ఎన్ని తిరుగుతున్నాయో తెలియాలి. కాబట్టి పని మొదలయ్యే ముందు కనీసం ఒక పూర్తి ఏడాది, అన్ని రుతువుల్లో డేటా తీయండి. విస్తరణ లేని ఇంకో రోడ్డు ముక్కను పోలికకు పెట్టుకోండి.

కెమెరాలు వాకిట్లో రెండు, కాస్త దూరంలో అడవి బాటల మీద కొన్ని పెట్టాలి. వాకిట్లోకి వచ్చిన జంతువు లోపలికి పోయిందా, తిరిగిపోయిందా విడిగా రాయాలి. తిరిగిపోయే శాతం ఎక్కువుంటే కారణం వెతకండి: మనుషుల రాకపోక, మేకల మంద, కుక్కలు, వీధి దీపం, చెత్త. బాన్ఫ్ పరిశీలనల్లోనూ మనుషుల కదలిక ఎక్కువున్న దారులను మాంసాహారులు తప్పించుకున్నాయి. పల్లె దారికి వేరే అండర్‌పాస్ ఇవ్వండి, రెండూ ఒకటి చేయొద్దు.

ఏడాది చూసి "వాడటం లేదు" అని తేల్చేయడం తొందరపాటు. బాన్ఫ్‌లో గ్రిజ్లీలు అలవాటు పడటానికి కొన్నేళ్లు పట్టింది. అయిదేళ్ల పరిశీలన ఖర్చు టెండరులోనే చేర్చండి, తర్వాత ఎవరూ ఇవ్వరు.


దారిరేఖ:

చివరగా ఒకటి. నిర్మాణం రెండు మూడేళ్లు సాగుతుంది. ఆ కాలంలో ఏం చేయాలి?


జాలీగుంజ:

పనుల వరుస ముఖ్యం. ముందు దాటు దారులు పూర్తి చేసి మట్టి పరిచి తెరవాలి, కంచె వాటి తర్వాత. కాంట్రాక్టర్లు సాధారణంగా సులువైన కంచెను ముందు వేసి బిల్లు చేసుకుంటారు. అలా చేస్తే ఏడాది పాటు అది పూర్తి గోడ అవుతుంది. దారి తెరిచినట్టు ధ్రువీకరించాకే ఆ ముక్కలో కంచెకు చెల్లింపు అని షరతు పెట్టించండి.

రాత్రి పని ఆపించండి, ఫ్లడ్ లైట్లు వాకిళ్ల వైపు తిరగకూడదు. దాటే చోట్ల 300 మీటర్ల పొడవునా పొదలు, గుట్టలు యథాతథంగా ఉంచి, కంకర నిల్వలు అక్కడ పోయకండి.

అప్పటిదాకా వేగం తగ్గించడమే ఆధారం. స్పందనకు 2.5 సెకన్లు, బ్రేకు వేశాక ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 3.4 మీటర్ల చొప్పున తగ్గడం అనే డిజైన్ విలువలతో లెక్కిస్తే 80 కి.మీ. వేగంలో బండి ఆగడానికి సుమారు 130 మీటర్లు, 40 కి.మీ. వేగంలో సుమారు 46 మీటర్లు పడుతుంది. డిమ్ లైటులో జంతువు కనబడేది 60 మీటర్ల లోపే. కాబట్టి రాత్రిపూట 40 దాటనివ్వకూడదు. ఆ పరిమితి బోర్డుతో రాదు, 5–8 కి.మీ. మధ్య, చిత్తడి నేలల దగ్గర వెడల్పాటి స్పీడ్ టేబుళ్లు (పైభాగం చదునుగా ఉండే స్పీడ్ బ్రేకర్లు) వేయించండి, వాటి మధ్య దూరం 200 మీటర్లకు మించితే మధ్యలో మళ్లీ వేగం పుంజుకుంటారు.